తోడు వేసిన దోమలు

పడవ రాని 58వ రోజు

ఈ పుస్తకంలో రాయాల్సినవి మూడే: ఎన్ని దోమలు చిక్కాయి, ఎవరికి జ్వరం వచ్చింది, ఏ నీళ్లలో పురుగు కనిపించింది. మిగతా కబుర్లు రాయకూడదని నీళ్లవతల మెట్ట నుంచి వచ్చిన అధికారి నాలుగేళ్ల కిందట చెప్పి వెళ్లాడు. ఆయన మళ్లీ ఈ ఛాయలకు రాలేదు. ఇప్పుడు మెట్ట పడవ కూడా రావడం మానేసింది. కాబట్టి పుస్తకం నాది, కబుర్లూ నావే.

పొద్దున్నే ఒకటో స్తంభం దగ్గర మొదలుపెట్టి నూట నలభై దాకా నడుస్తాను. ఒకప్పుడు కార్లు పరిగెత్తిన వంతెన ఇది. కింద ఊళ్లు మునిగాక జనం పైకెక్కి స్తంభానికో ఇల్లు కట్టుకున్నారు. చీటీలేసి పంచుకోవడంతో అన్న ఒక కొసనా తమ్ముడు ఇంకో కొసనా పడ్డారు. ఇంటికో దోమల బోను ఉంది. బోను విప్పి, చిక్కిన వాటిని డబ్బాలో వేసుకుని, వానతొట్టి మూత ఎత్తి చూసి ముందుకు పోవడమే నా పని. "నూకరత్నం పిన్ని వస్తంది, మూతలు పెట్టండర్రా" అని పిల్లలు నాకంటే ముందు పరిగెడతారు. పెద్దవాళ్లు నన్ను దోమల మేస్త్రమ్మ అంటారు. ఎదురుగా అనరు.

కింద ఉన్నది ఉప్పు సముద్రం. జ్వరం దోమ అందులో పుట్టదు. పుడితే మా మంచినీళ్లలోనే పుట్టాలి. అందుకే తొట్టి మూత వంకరగా ఉంటే నేను సొంతవాళ్లని కూడా చూడను.

తొట్టి తర్వాత ముంత చూస్తాను. ప్రతి గుమ్మంలోనూ ఒక ముంత ఉంటుంది. అందులో మా పెంపుడు దోమలు పెరుగుతాయి. నెలకోసారి మెట్ట నుంచి పడవలో గుడ్ల కాగితాలు వచ్చేవి. అరచేయంత కాగితం, దాని మీద మిరియాల పొడి చల్లినట్టు గుడ్లు. నానేస్తే పురుగులై, దోమలై ఎగిరిపోతాయి. వాటి ఒంట్లో రక్ష అనే సూక్ష్మజీవి ఉంటుంది. రక్ష ఉన్న దోమలో జ్వరం క్రిమి బతకదు. కుడితే కాస్త దురద, అంతే. మా పిల్లలకు దోమను కొట్టడమే తెలియదు. కొట్టబోతే పెద్దవాళ్లు చెయ్యి పట్టుకుంటారు.

తుఫానుకి రేవు కొట్టుకుపోయాక కాగితాలు ఆగిపోయాయి. ముంతలు ఎండిపోతున్నాయని ఆడవాళ్లు బెంగపడితే ఉపాయం నేనే చెప్పాను. పెరుగు లేని ఇంటికి తోడు ఇచ్చుకోమా? అలాగే పురుగున్న ముంతలోంచి గరిటెడు నీళ్లు లేని ముంతలో పోస్తే సరిపోతుంది. మా ముంతే వంతెన మొత్తానికి పెద్ద తోడు. చలికి పురుగు బద్ధకిస్తే, పెరుగు గిన్నెను వెచ్చగా ఉంచినట్టే సోలార్ బ్యాటరీ పెట్టె మీద పెట్టాను. నాలుగు రోజుల్లో ముంత నిండా కదలాడిపోయాయి. ఆ కిటుకూ అందరికీ చెప్పాను. ఈ మాట రాసుకోవడానికి కాస్త గర్వంగానే ఉంది.

ఇవాళ జ్వరాలు ఒకటి. 22వ ఇల్లు, మా బావగారు. చేపల బేరానికి సొంత తెప్ప మీద మెట్ట కొసనున్న జాలరిపల్లెకు పోయి మొన్ననే వచ్చారు. నెత్తురు చుక్క జ్వరం తేల్చే పరీక్ష పలక మీద పెడితే రెండో రకం అని చూపించింది. బయట అంటించుకుని వచ్చారు. ఇక్కడ ఉన్నవి మన దోమలే కాబట్టి ఆయనతోనే ఆగిపోతుంది.

పడవ రాని 66వ రోజు

ఆగలేదు. ఆరు ఇళ్లు.

మా ఆయన పోయి నాలుగేళ్లయింది. ఆయన గేలం తాడు ఒకటి ఇంట్లో మిగిలింది. దానికి నూట నలభై ముళ్లు వేసి గోడకు కట్టాను. ముడికో ఇల్లు. జ్వరం వచ్చిన ఇంటి ముడికి ఎర్రగుడ్డ పీలిక కడతాను. పోయినేడు మొదటి రకం జ్వరం వచ్చినప్పుడు పీలికలు పక్కపక్కనే పడ్డాయి. బడి ఉన్న ముప్పయ్యో స్తంభం చుట్టూ చీమల్లా గుమిగూడాయి. బడి తొట్టి మూత పగిలిందని తెలియడానికి గంట పట్టలేదు.

ఈసారి అలా లేదు. 22, 8, 57, 91, 118, 104. 22 పక్కనున్న 23లో అందరూ గుండ్రాళ్లలా ఉన్నారు. 57కీ 91కీ మధ్య ఒక్క తుమ్ము కూడా లేదు. ఇంటికీ ఇంటికీ మధ్య ఖాళీలో సముద్రపు గాలి దోమను నిలవనివ్వదు. అది గాల్లో ముప్పై ఇళ్లు దాటి పోలేదు. జ్వరాన్ని ఒంట్లో మోసుకుని మనుషులు ఇల్లిల్లూ తిరుగుతారు, కానీ దాన్ని అంటించే దోమ మాత్రం ప్రతి ఇంట్లోనూ విడిగా పుడుతోంది. ఎక్కడ?

రేడియోలో మెట్ట డాక్టరమ్మ పదకొండు గంటలకు మాట్లాడుతుంది. ఇవాళ ఆమె చెప్పింది రాసుకోవడానికి చెయ్యి రావడం లేదు. పోయినేడు మొదటి రకం వచ్చి తగ్గిన ఒంటికి ఇప్పుడు రెండో రకం తగిలితే అది మామూలు జ్వరం కాదట. జ్వరం దిగాక అసలు ప్రమాదం మొదలవుతుందట. నెత్తుట్లో నీరు నరాల్లోంచి బయటికి కారిపోయి మనిషి లోపల ఎండిపోతాడట. తాగిస్తూ కనిపెట్టుకుని ఉండటమే మందు. మిగతావాళ్లు వారం రోజులు మూలిగి లేస్తారు.

పోయినేడు జ్వరం పడ్డది బడి పిల్లలు పదిహేను మంది. పేర్లు ఈ పుస్తకంలోనే ఉన్నాయి. పదిహేనో పేరు ఇందుజ. నా కూతురు. పదకొండేళ్లు.

ఆ దోమ నా పిల్ల మీద వాలకముందే అది పుట్టే నీళ్లు కనుక్కోవాలి. ఇక ఈ పుస్తకంలో నాకు వేరే పని లేదు.

పడవ రాని 71వ రోజు

91వ ఇంటి మరిడమ్మ కొడుకు నందు. పోయినేటి జాబితాలో మూడో పేరు.

మొన్న జ్వరం దిగిందని మరిడమ్మ బెల్లం ముక్కలు పంచింది. నాకూ ఇచ్చింది. నేను డాక్టరమ్మ చెప్పిన మాట చెబితే, "నోటి వెంట మంచి మాట రాదా నీకు" అంది. నిన్న మధ్యాహ్నం కడుపునొప్పి అన్నాడట. ఇవాళ పొద్దున్న పోయాడు. పడవలో తీసుకెళ్లి నీళ్లకు అప్పగించి వచ్చారు. నేను వెళ్లలేదు. బోనులు విప్పుతూ కూర్చున్నాను. ఏడుపు వస్తే ఒక స్తంభం, ఆగితే ఇంకో స్తంభం అలా నడిచాను.

జాబితాలో పద్నాలుగు మంది మిగిలారు.

పడవ రాని 74వ రోజు

మూడు రోజుల్లో వంతెన మీద నేను చూడని నీటిచుక్క లేదు. కొబ్బరి చిప్పలు, కోడి గిన్నెలు, మేకల కుండలు, రేకుల మడతలు, చిరిగిన టార్పాలిన్ల గుంటలు, ప్రార్థన పాకలో పువ్వుల చెంబు. ఒకాయన కట్టుడు పళ్లు పెట్టుకునే గ్లాసు కూడా అడిగి చూశాను. ఎక్కడా ఒక్క పురుగు లేదు. పురుగున్నది ముంతల్లోనే, అవి మనవి.

జ్వరం ఇళ్లు పంతొమ్మిది. ఇందుజను దోమతెర కిందే కూర్చోమని చెప్పాను. పొద్దస్తమానం తెర కింద పదకొండేళ్ల పిల్ల కూర్చుంటుందా? మేకకు నీళ్లు పెట్టాలని ఒకసారి, ఊరికే ఒకసారి బయటికి వస్తుంది. ఇది పగలు కుట్టే దోమ. నిన్న చెయ్యి చేసుకున్నాను. కొట్టాక పిల్ల చేతుల మీద దోమ కుట్టిన మచ్చ ఉందేమోనని వెతికాను.

సాయంత్రం వంతెన పెద్ద దానయ్య బాబాయ్ వచ్చాడు. మెల్లగా మాట్లాడే మనిషి. కోపమొస్తే ఇంకా మెల్లగా మాట్లాడతాడు.

"రత్నం, అందరిళ్లూ చూసేవు. అరవై మూడు చూసేవా?"

"బోను రోజూ చూస్తాను బాబాయ్. లోపలికి రానివ్వదు కదా ఆవిడ."

"ఆవిడింట్లో జ్వరం లేదు, చుట్టుపక్కలా లేదు. తొట్టికి తాళమేసుకుని లోపల ఏం పెంచుతుందో ఎవరికి తెల్సు? జనం ఊరుకునేలా లేరు. పడవెక్కించి పంపేద్దామంటన్నారు."

అరవై మూడు అచ్చాయమ్మ ఇల్లు. తొమ్మిదేళ్ల కిందట వానలు పడనప్పుడు ఆవిడ తన తొట్టికి తాళం వేసుకుంది. పక్కింటి చంటిపిల్లకు గ్లాసు నీళ్లడిగితే లేవంది. అప్పటి నుంచి ఆవిడకు ఎవరూ నిప్పివ్వరు, ఉప్పివ్వరు, పలకరించరు. ఆవిడ నోటికి తాళలేక అటు 62, ఇటు 64 వాళ్లు ఇళ్లు వదిలి వేరే చోటికి మారిపోయారు. ఆ ఖాళీ ఇళ్ల కప్పులు తుఫానుకి లేచిపోయాయి. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. అచ్చాయమ్మకు ఆ రెండూ లేవు.

పడవ రాని 77వ రోజు

దోమల డబ్బా పట్టుకుని అరవై మూడుకు వెళ్లాను. వెనక పదిమంది దూరంగా నిలబడ్డారు.

"ఏమే, దొంగసొత్తు ఎతకడానికొచ్చేవా?"

"దోమల్ని వెతకడానికి అత్తా."

"ఉంటే అన్నీ పట్టుకుపో. ఊరికే ఇస్తాను."

తాళం తీసింది. తొట్టి అద్దంలా ఉంది. ఇల్లంతా తిరిగాను. మంచం కింద, బియ్యం డబ్బా వెనక, ఆరేసిన చీరల మడతల్లో ఎక్కడా ఒక్క దోమ కూడా లేచి ఎగరలేదు. బోను విప్పితే ఖాళీ. అక్కడే కూర్చుని ఈ పుస్తకం వెనక్కి తిప్పాను. అరవై మూడు: సున్నా, సున్నా, సున్నా. రెండు నెలలుగా రోజూ నా చేత్తో నేనే సున్నా రాశాను. పెంపుడు దోమలు కూడా లేవని ఒక్కరోజైనా నాకు తట్టలేదు.

"నీ ముంతేదత్తా? గుమ్మంలో లేకపోతే లోపల పెట్టుకున్నావనుకున్నాను."

"నాకు ముంతెవరిచ్చేరే? కాగితం నేనే వద్దన్నాను. దోమని పెంచడమేంటి, పాముకి పాలు పోసినట్టు. తర్వాత మీరంతా గరిటెలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేరు కదా తోడు తోడని. నా గుమ్మం ఒక్కత్తైనా తొక్కిందా? మజ్జిగ చుక్క పొయ్యనోళ్లు దోమల తోడు పోస్తారా?"

నవ్వబోయి ఆగిపోయాను. ఆవిడ నా మొహం చూసి, ఏమనుకుందో, మంచినీళ్లు ఇచ్చింది.

ఇంటికొచ్చి గోడ మీద తాడు ముందు కూర్చున్నాను. ఈసారి జ్వరం సంగతి వదిలేసి తోడు ఎవరు ఎవరికిచ్చారో గుర్తు చేసుకున్నాను. తల్లిగారింటికి, ఆడపడుచుకు, వియ్యాలవారికి, మనసైన వాళ్లకు. 22లో ఉన్న మా తోటికోడలు గౌరక్కకు నేనే ఇచ్చాను. గౌరక్క 91లో ఉన్న చెల్లెలు మరిడమ్మకు ఇచ్చింది, 8లో ఉన్న మేనకోడలికి ఇచ్చింది. నేను 57కిచ్చాను. 57 వాళ్లు 118కిచ్చారు. పీలికలన్నీ తోడు వెళ్లిన దారినే పడ్డాయి, మాటల్లేక తోడు అందని ఇళ్లకు పీలిక లేదు.

పడవ రాని 78వ రోజు

గుడ్ల కాగితాలతో పాటు వచ్చిన పరీక్ష చీటీలు కొన్ని మిగిలాయి. పురుగును చీటీ మీద నలిపితే, రక్ష ఉంటే నీలం వస్తుంది. డబ్బా అడుగున పాత గుడ్ల కాగితం తుంపు దొరికితే ముందు దాన్ని చూశాను. చక్కటి నీలం. చీటీ మంచిదే.

మా ముంత: తెలుపు. మళ్లీ చూశాను: తెలుపు. 22: తెలుపు. 91: తెలుపు. మరిడమ్మ నన్ను చూసి ముంత ముందుకు జరిపింది. పదకొండు ముంతలు చూశాక చీటీలు అయిపోయాయి.

రేడియోలో డాక్టరమ్మను అడిగాను. "వేడికి రక్ష చచ్చిపోతుందమ్మా. నీడపట్టున చల్లగా ఉంచాలి. మీరు ఎక్కడ ఉంచారు?" అంది. నేను బ్యాటరీ పెట్టె వైపు చూశాను. రేడియో పాడైందనుకుని ఆమె హలో, హలో అంటూనే ఉంది. కాగితం పొట్లం మీద నీడలో ఉంచాలని రాసే ఉంది. నేనూ చదివాను. బ్యాటరీ పెట్టె నీడలోనే ఉంది. అది మధ్యాహ్నం పూట చెయ్యి పెట్టలేనంత కాలుతుందని తెలుసు. పెరుగుకు మంచిదైంది దీనికీ మంచిదే అనుకున్నాను.

సంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, కట్టుడు పళ్ల గ్లాసు దాకా వెతికాను కానీ నా ముంతను వెతకలేదు. మేము ఆరేడు వారాలుగా మామూలు జ్వరం దోమను, ప్రేమగా, వెచ్చగా, గరిటెలతో పంచుకుని పెంచాం. నందుకు ఆ గరిటె నా ఇంటి నుంచి వెళ్లింది.

పడవ రాని 79వ రోజు

డెబ్బయ్యో స్తంభం దగ్గర అందరినీ పిలిచి చెప్పాను. ముంతలన్నీ సముద్రంలో పారబోయాలని చెప్పాను.

మొదట ఎవరూ నమ్మలేదు. "పడవ రాదు, కాగితం రాదు, ఉన్న దోమల్ని పారబోస్తే మాకు దిక్కెవరు?" అని ఒకామె ముంతను కొంగు కింద దాచుకుంది. తెల్ల చీటీలు చూపించాను. చీటీలు పాతబడ్డాయన్నారు. నీలం చీటీ చూపించాను. అప్పుడు గొణుగుడు ఆగింది.

మరిడమ్మ ముందుకొచ్చింది. "మా ముంతలో పోసింది నీ తోడేనా?"

"గౌరక్క పోసింది. గౌరక్కకు నేనిచ్చాను."

"ఎచ్చగా పెట్టమన్నదీ నువ్వే కదా."

"నేనే."

ఆమె నన్ను కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. ఆమె తన ముంత తీసి పిట్టగోడ మీంచి బోర్లించి, ఖాళీ ముంతను కూడా వదిలేసింది. తర్వాత ఒకరొకరుగా అందరూ వచ్చారు.

ముంతలు పోయినా ఎగిరిన దోమలు ఇళ్లలో ఇంకా మూడు నాలుగు వారాలు బతుకుతాయి. అంతవరకు ఆ పద్నాలుగు మంది పిల్లలు దోమ లేని చోట ఉండాలి. వంతెన మీద అలాంటి ఇల్లు ఒక్కటే. నేనే వెళ్లి అడిగాను.

"నన్ను పడవెక్కిద్దామన్నారంట కదా," అంది అచ్చాయమ్మ.

"అన్నారు అత్తా."

"ఇప్పుడు పిల్లల్నెక్కిస్తారా నా నెత్తిన?" తొట్టి తాళం తీసింది. "పంపండి. ఆళ్ల అమ్మల్ని మాత్రం గుమ్మం తొక్కనివ్వను. పిల్లలేడిస్తే ఏడుస్తారు, కబుర్లు మాత్రం నాకొద్దు."

గది చాపలతో కొలిచాను. పదమూడు పట్టాయి. మళ్లీ కొలిచినా పదమూడే. జాబితా రాసి దానయ్య బాబాయ్ చేతికిచ్చాను. ఆయన చదివి తలెత్తాడు.

"నీ పిల్ల పేరు లేదేంటి రత్నం?"

"చోటు లేదు బాబాయ్. తప్పు చేసింది నేను. ముందు వీళ్లంతా వెళ్లాలి."

అప్పటిదాకా నా వైపు చూడని మొహాలు నా వైపు తిరిగాయి. ఒకామె కళ్లొత్తుకుంది. పొద్దుట్నుంచి గుండెల మీద ఉన్న బండ కాస్త కదిలినట్టు అనిపించింది. ఇందుజను తెర కింద కూర్చోబెట్టి నాలుగు మూలలా రాళ్లు పెట్టాను.

పడవ రాని 82వ రోజు

పొద్దున్న తొమ్మిదింటికి గుమ్మంలో అచ్చాయమ్మ. తొమ్మిదేళ్లలో ఆవిడ ఇటు రావడం ఇదే మొదలు. చేతికర్ర తప్ప పలకరింపు లేదు.

"పిల్లలు చెప్తన్నారు, నీ కూతురిక్కూడా పోయినేడు జ్వరమొచ్చిందని. మరి ఇది ఇక్కడేం చేస్తంది?"

"చోటు లేదు కదత్తా. పదమూడు చాపలే..."

"నా ఇంట్లో చోటు కొలవడానికి నువ్వెవరివే? నా మంచం కింద కొలిచేవా? మంచం బయటేస్తే ఇద్దరు పడతారు. నన్నొక్క మాట అడిగేవా?"

అడగలేదు. అడిగితే ఉందనేది. ఉందంటే ఇందుజ పేరు రాయాల్సి వచ్చేది. ఈ సంగతి ఆవిడ నిలబడి ఉండగానే నాకు అర్థమైంది. అప్పటిదాకా అర్థం కాలేదని అబద్ధం రాయలేను. కాస్త అర్థమయ్యే ఉంది.

"తల్లి గొప్పతనం పిల్ల ఒంటి మీదా చూపించేది?" అని ఇందుజ చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. నా కూతురు వెళుతూ మోచేయి గోక్కుంటోంది.

పడవ రాని 86వ రోజు

అరవై మూడో ఇల్లు, కొత్త జ్వరాలు: ఒకటి.

పదమూడు మందికి ఏమీ లేదు. వచ్చింది ఇందుజకే. పలక రెండో రకం చూపించింది. కుట్టాక జ్వరం తేలడానికి నాలుగు రోజుల నుంచి వారం పడుతుంది. వెనక్కి లెక్కేసుకుంటే నేను జాబితా రాసిన రోజు నుంచి అచ్చాయమ్మ వచ్చిన రోజు దాకా, ఆ మూడు నాలుగు రోజుల్లో కుట్టింది. జాబితా రాసిన రోజే పంపితే తప్పిపోయేదని డాక్టరమ్మను అడగాల్సిన పని లేదు.

మిగతా పిల్లల కోసం ఇందుజను ఇంటికి తీసుకుపోతానన్నాను. "ఈడ దోమే లేదు, దీన్నుంచి ఆళ్లకి ఎలా అంటుకుంటాది? దోమల మేస్త్రివి, ఆ మాత్రం తెలీదా? తీసుకుపోయి మళ్లీ నీ దోమలకి మేతేస్తావా?" అంది అచ్చాయమ్మ. అమ్మల్లో నన్నొక్కదాన్నే లోపలికి రానిచ్చింది.

పడవ రాని 90వ రోజు

పొద్దున్న ఎనిమిదింటికి ఒళ్లు చల్లబడింది. జ్వరం లేదు. "అమ్మా, తగ్గిపోయింది, ఆకలేస్తంది" అని నవ్వింది నా పిల్ల. నేను బయటికెళ్లి పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాను. ఇప్పటి నుంచి నలభై ఎనిమిది గంటలు గండం.

డాక్టరమ్మ చెప్పింది రాసుకున్నాను. ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు కొద్దికొద్దిగా పట్టించాలి. ఎంత తాగిందో, ఎన్నిసార్లు ఒంటికి వెళ్లిందో రాయాలి. చేతులు చల్లబడ్డాయా, కడుపునొప్పి ఉందా అడుగుతూ ఉండాలి. పడవ బయల్దేరే ప్రయత్నంలో ఉందట. ఎన్ని రోజుల్లో వస్తుందో ఆమెకూ తెలియదు.

పదింటికి మరిడమ్మ వచ్చింది. అచ్చాయమ్మ గుమ్మంలోంచి తప్పుకుని దారిచ్చింది. మరిడమ్మ పిల్ల పక్కన కూర్చుని కాళ్లు పట్టి చూసింది.

"నీకోసం రాలేదు నేను," అంది నా వైపు తిరగకుండా. "మావాడి కాళ్లు ముందు చల్లబడ్డాయి. అది జ్వరం దిగడం అనుకున్నాను. ఎలా ఉంటదో నా చేతికి తెల్సు. నువ్వు రాసుకో, నేను పట్టుకుంటాను."

సాయంత్రం దాకా అలాగే పట్టుకుని కూర్చుంది. నేను రాశాను. పది గంటలకు రెండు గుక్కలు. పదిన్నరకు మూడు. పదకొండున్నరకు వాంతి. పన్నెండుకు ఒక గుక్క. ఒంటిగంటకు ఒంటికి వెళ్లింది, కొంచెమే. మూడింటికి కడుపులో నొప్పి అంది.

పడవ రాని 91వ రోజు

ఇరవై ఆరు గంటలు గడిచాయి. నొప్పి ఉంది. మోచేతుల దాకా చల్లగా ఉంది, భుజాలు వెచ్చగా ఉన్నాయి. ఆ చల్లదనం పైకి పాకిందేమోనని మరిడమ్మ గంటకోసారి చూస్తోంది. ఇంకా పాకలేదు అంటుంది. తగ్గింది అని మాత్రం అనదు. మిగతా పిల్లలను అచ్చాయమ్మ వాకిట్లోకి తోలి, గొడవ చేస్తే కర్ర చూపిస్తోంది.

పదింటికి ఇందుజ కళ్లు తెరిచింది. మాట తేటగానే ఉంది.

"అమ్మా, అందరి పేర్లూ నువ్వే రాసేవంట కదా."

"ఆ."

"నా పేరెందుకు రాయలేదు?"

చోటు లేదని చెప్పవచ్చు. పదమూడు చాపలే పట్టాయని చెప్పవచ్చు, అది నిజమే కూడా. మరిడమ్మ నా వైపు చూడలేదు కానీ ఆమె చెయ్యి పిల్ల పాదం మీద ఆగిపోయింది.

"నీ పేరు రాస్తే జనం నన్ను ఏమనుకుంటారోనని రాయలేదే," అన్నాను.

ఇందుజ నా వైపు తల తిప్పింది.

"మరి ఏమనుకున్నారు?"

"మంచిదాన్ననుకున్నారు."

కప్పు వైపు చూస్తూ పడుకుంది. తర్వాత నీళ్లడిగింది. నేను గ్లాసు అందుకునేలోపే చెయ్యి మరిడమ్మ వైపు చాపింది. ఆమె పట్టిస్తే రెండు గుక్కలు తాగింది.

పది గంటల పది నిమిషాలకు రెండు గుక్కలు. ఇంకా ఇరవై రెండు గంటలు.